మంచు పడితే కనిపించే చెయ్యి

దగ్గరికి జరగండి. ఆ చాప కొసన కూర్చుంటే నా మాట మీదాకా రాదు. ఫ్యాను కాసేపు ఆపండి, ఫోన్లు బోర్లా పెట్టండి. కారు పాలిష్ పని నేర్పమని మీలో ఇద్దరు ముగ్గురు చాలా రోజులుగా నా వెంట పడుతున్నారు. నేర్పుతాను. అయితే మిషన్ చేతికిచ్చే ముందు ఒక నల్ల కారు తలుపు సంగతి చెప్పాలి. ఆ తలుపు దగ్గర నేర్చుకున్నంత పని నేను మరెక్కడా నేర్చుకోలేదు. ఇప్పటికీ పొద్దున్నే మంచు పడిందంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది.

ముందు నా చేతులు చూడండి. పట్టుకునే చూడండి, ఫర్వాలేదు. వేళ్ల కొసలు నున్నగా ఉన్నాయి కదా, గీతలు లేవు. రేషను మిషన్ మీద ఈ వేలు పెడితే అది నన్ను మనిషిగా ఒప్పుకోదు. డీలరు అన్ని వేళ్లూ మార్చి మార్చి పెట్టించి, చివరికి కళ్లు చూపించమంటాడు. పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టిన వయసంతా ఈ వేళ్ల మీదుగానే పోయింది. పిక్క పగిలినప్పుడు పెంకులోంచి కారే నల్లటి నూనెను మేము జీడి అంటాం. ఒంటి మీద పడితే కాలుతుంది, పొర ఊడుతుంది. కొత్త చర్మం వచ్చేలోగా మళ్లీ పడుతుంది. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని పనికి కూర్చునేవాళ్లం. అయినా అది లోపలికి దారి చేసుకునేది. బట్ట మీద పడితే ఆ బట్ట చిరిగేదాకా మరక ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

నడుము పిక్కల పనికి ఒప్పుకోవడం మానేశాక, హైవే పక్కన కార్లు కడిగే షెడ్డులో చేరాను. ఓనరు విశాఖపట్నంలో పని నేర్చుకుని వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు. నన్ను అప్పా అని పిలిచేవాడు, మా వైపు అప్ప అంటే అక్క. నీళ్లు కొట్టడానికి ఇంకొకాయన ఉండేవాడు. మాకు ఏ చుట్టరికమూ లేదు, అయినా నేను మావ అనేదాన్ని. ఆయన నన్ను ఏడిపించనిదే టీ తాగేవాడు కాదు. "పిక్కలు కొట్టినట్టు కొట్టీకప్పా, అది కారు," అనేవాడు.

మొదట్లో తుడవడమే నా పని. తర్వాత చేత్తో మైనం రుద్దడం, ఆ తర్వాత మిషన్. మిషన్ చేతికొచ్చిన కొత్తలో ఒక బానెట్ అంచు మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగాను. రంగు లేచిపోయి కింది తెలుపు కనిపించింది. ఓనరు అరవలేదు. నా వేలు పట్టుకుని ఆ అంచు మీద పెట్టాడు. "సూడప్పా, అంచుకాడ రంగు ఉల్లిపొరంత ఉంటాది. ఇక్కడ ఆగకూడదు," అన్నాడు. నా వేలికి ఏమీ తెలియలేదు. కాలిపోయిన వేళ్లకు నునుపూ గరుకూ ఏం తెలుస్తాయి? ఆ దిగులుతోనే ఒకసారి జీడిపప్పు తెచ్చుకున్న పలచటి కవరు చేతికి తొడుక్కుని, ఊరికే కారు మీద రాశాను. ఒక్కసారిగా ఇసుక మీద రాసినట్టు తెలిసింది. వట్టి చేతికి అందని గరుకు కవరులోంచి అందుతుంది. ఎందుకో నాకు తెలియదు. అప్పటినుంచి కవరు లేకుండా నేను ఏ కారునూ ముట్టలేదు. ఓనరు కూడా కవరు తొడుక్కోవడం మొదలుపెట్టాడు, తనే కనిపెట్టినట్టు అందరికీ చెప్పుకున్నాడు.

ఇక ఆ కారు.

చలికాలం మొదట్లో వచ్చింది. తీసుకొచ్చినవాడు పూండి అవతల, సముద్రం ఒడ్డునున్న ఊరి కుర్రవాడు. చేపల వేటకు వెళ్లే కుటుంబం. ఇతను మాత్రం కారు కొనుక్కుని, తమ వైపు ఊళ్లలోని కిడ్నీ జబ్బు మనుషులను డయాలసిస్‌కు పలాస ఆసుపత్రికి తెచ్చి దింపుతుండేవాడు. కారుకు ఇంకా ఏడాది నిండలేదు.

"పిన్నీ, ఎడమ ఎనక తలుపు మీద మచ్చ ఉంది. తీసెయ్యాల," అన్నాడు.

చుట్టూ తిరిగి చూశాను. "ఏ మచ్చ బాబూ? నాకేటీ కనపడ్డం నేదు."

"ఎండలో కనపడదు. సన్నగా నీళ్లు కొట్టి సూడండి."

మావ పైపు మూతి తిప్పి పొగలా నీళ్లు కొట్టాడు. తలుపంతా చిన్న చిన్న చుక్కలు పేరుకున్నాయి, ఒక్కచోట తప్ప. అక్కడ చుక్క నిలవలేదు. నల్లగా, పొడిగా, ఐదు వేళ్లూ ఒక అరచెయ్యీ బయటికొచ్చాయి. ఎవరో లోపలినుంచి తలుపుకు చెయ్యి ఆనించినట్టు ఉంది.

మావ పైపు కింద పెట్టేశాడు. "ఇది మచ్చేటప్పా, మనిషి సెయ్యి."

ఓనరు వచ్చి చూశాడు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, ఇలాంటివి నమ్మనని చెప్పేవాడు. నీళ్ల మరకేలే అని లోపలికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, ఆ కారు పక్కనున్న తన బండిని తోసుకెళ్లి గేటు దగ్గర పెట్టుకున్నాడు.

కుర్రవాడు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అతని మేనత్తకు, అంటే తండ్రి అప్పకు, కిడ్నీ జబ్బు. తండ్రికీ అదే జబ్బు. ఇద్దరినీ ఈ కారులోనే ఆసుపత్రికి తెచ్చేవాడు. వానలు తగ్గే రోజుల్లో ఒక పొద్దున్న మేనత్త కారెక్కబోతూ, ఆ తలుపు పక్కనే కూలిపోయింది. మళ్లీ లేవలేదు. దినాలు అయిపోయాయి, మంచు పడడం మొదలైంది. మొదటి మంచుకే ఆ తలుపు మీద చెయ్యి తేలింది.

"మా నాన్న సూసినాడు పిన్నీ. అప్ప తలుపుకాడ నిలబడి పిలుత్తంది, ఈ కారెక్కితే నన్ను తనకాడికే తీసుకుపోద్ది అంటన్నాడు. ఎక్కడం మానేసినాడు. ఆటోలో కుదుపులకి ఓర్సుకోలేడు. ఒకసారి ఎల్తే రెండుసార్లు మానేత్తన్నాడు. కాళ్లు పొంగిపోతన్నాయి. ఆ సెయ్యి పోతే ఎక్కుతాడు. అందుకే మీ కాడికి తెచ్చినాను."

నాకు అర్థమైంది. నేను తీయాల్సింది మచ్చే, కానీ అటు చివర ఒక మనిషి ప్రాణం ఉంది.

తలుపు శుభ్రం చేయడం మొదలుపెట్టాను. అద్దం కింద రబ్బరు పట్టీ ఉంటుంది కదా, దాని సందులో పసుపుపచ్చగా ఏదో పేరుకుని ఉంది. ఏ పూజ పసుపో అనుకుని కుంచెతో దులిపేశాను. ఆ తర్వాత కవరు తొడుక్కుని ఆ చెయ్యి ఉన్నచోట రాశాను. చుట్టూ నునుపు, అక్కడ మాత్రం గరుకు. రంగు మీద గాజులాంటి పొర ఒకటుంటుంది. దాన్ని ఏదో తినేసింది. కొలత చూద్దామని నా అరచెయ్యి దాని మీద పెట్టాను. అరచెయ్యి సరిపోయింది. బొటనవేలు పక్కకు తిరిగిన తీరు కూడా నాదే. ఒక్క చిటికెనవేలు మాత్రం నా వేలికి దూరంగా, బయటికి వంగి ఉంది. ఆ వేళ్లలో గీతలు లేవు, నా వేళ్లకు లేనట్టే. నేను చెయ్యి తీసేసి, ముఖం కడుక్కుని వచ్చాను.

ఆ పొద్దంతా మిషన్ పట్టాను. అంచుల దగ్గర ఆగకుండా, వేడెక్కనివ్వకుండా పొర మీద పొర తీశాను. దీపం పెట్టి అటూ ఇటూ చూశాను. మావ నీళ్లు కొట్టాడు. చుక్కలు తలుపంతా ఒకేలా నిలబడ్డాయి. కుర్రవాడు నా కాళ్లకు దండం పెట్టబోతే ఆపాను.

కొద్ది రోజులకే తిరిగొచ్చాడు. నీళ్ల పైపు తనే తీసుకుని కొట్టాడు. చెయ్యి అక్కడే ఉంది, ముందుకంటే స్పష్టంగా.

ఈసారి ఓనరుకు నా మీద అనుమానం వచ్చింది. "అప్పా, ఏటనుకోకు. ఆముదం సెయ్యి పెట్టేసినావేటి?"

"పిక్కల పని మానేసినప్పుడే ఆముదం మానేసినాను బాబూ."

"ఏదీ, ఓసారి పెట్టి సూపించు."

పెట్టాను. అందరూ చూశారు. మావ వంగి చూశాడు. "సిటికినేలు నీది కాదులే," అన్నాడు. నన్ను వెనకేసుకొద్దామనే అన్నాడు పాపం. కానీ ఆ మాట వినగానే చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. నాది కాకపోతే మరి ఎవరిది?

ఇంకొంచెం తీస్తే కింది రంగు లేచిపోతుంది. అందుకని ఓనరు కారును టెక్కలిలో తనకు తెలిసిన రంగుల మేస్త్రి దగ్గరికి పంపాడు. ఆయన ఆ తలుపు మీది రంగంతా ఇనుము కనపడేదాకా గీకి, కొత్తగా వేశాడు. కారు మళ్లీ మా షెడ్డుకు వచ్చినప్పుడు చివరి మెరుగు నేనే పెట్టాను. నా ముఖం ఆ తలుపులో అద్దంలో కనిపించినట్టు కనిపించింది. కుర్రవాడు తండ్రిని ఒప్పించుకుని రెండుసార్లు ఆ కారులోనే ఆసుపత్రికి తెచ్చాడు. మూడోసారికి ముందే ఫోను చేశాడు.

"పిన్నీ, మళ్లీ వచ్చినాది." గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. అలసిపోయిన గొంతు. "నాన్న సూసేసినాడు. మంచం దిగనంటన్నాడు. రేపు ఎల్లకపోతే ఊపిరాడదని డాక్టరు సెప్పేసినారు."

"కారు కడగకు, కదపకు. పొద్దున్నే నానొత్తాను," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఇనుము దాకా గీకిన తలుపుకు నేను చేయగలిగింది ఏముంది? అయినా ఆ కారును నేను ఎప్పుడూ షెడ్డులో, ముక్కాలి పీట మీద కూర్చునే చూశాను. అది ఉండేచోట చూడలేదు.

పూండిలో దిగి ఆటో పట్టుకుని వెళ్లేసరికి పొద్దు పొడుస్తోంది. జీడితోటలు దాటాక కొబ్బరి చెట్లు, వాటి అవతల సముద్రం చప్పుడు. మంచులో సముద్రం కనపడడం లేదు, చప్పుడు మాత్రం పక్కనే ఉన్నట్టుంది. ఆ ఇంటి వాకిలి శుభ్రంగా ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి ఉంది. కారుకు ఎడమ పక్కన మాత్రం ఎవరూ ఊడ్వలేదు. అక్కడ రాలిన ఆకులు రాలినట్టే ఉన్నాయి. వాటి మీద ఒక్క అడుగు కూడా పడలేదు. కుర్రవాడి భార్య చీపురు పట్టుకుని ఇటువైపే నిలబడి ఉంది.

నేను ఆకుల మీద నడుచుకుంటూ వెళ్లాను. కారంతా మంచుతో తెల్లగా ఉంది. ఎడమ వెనక తలుపు మీద మాత్రం నల్లగా, పొడిగా, ఆ చెయ్యి.

ఎదురుగా నిలబడ్డాను. మొదటిసారి నిలబడి చూశాను. అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి నా గుండెల ఎత్తున ఉంది. వేళ్లు తిన్నగా ఆకాశం వైపు, ఎడంగా ఉన్నాయి. అరచెయ్యి గట్టిగా, నిదానంగా అదిమినట్టుంది. కారెక్కబోతూ కూలిపోయే మనిషి పిడిని పట్టుకుంటుంది, తలుపు అంచును పట్టుకుంటుంది, చెయ్యి కిందికి జారుతుంది. ఇది జారలేదు. పడిపోతూ పట్టుకున్న చెయ్యి కాదిది. ఎదురుగా నిలబడి, కావాలని వేసిన చెయ్యి. దానికి కొంచెం పైనే రబ్బరు పట్టీ. ఆ పట్టీ సందులోంచి నేను కుంచెతో దులిపిన పసుపు గుర్తొచ్చింది.

"అమ్మాయీ, కారు కొత్తగా ఇంటికొచ్చిననాడు దీనికి పసుపు సెయ్యి ఎవులేసినారు?" అని అడిగాను.

కుర్రవాడు ముఖం తిప్పుకున్నాడు. భార్యే చెప్పింది. "మేనత్తేసినాది. పడవ కొన్నా, బండి కొన్నా మా ఇంట్లో ఆడపడుసు సెయ్యి ఎయ్యకుండా కదపరు."

"ఎక్కడేసినాది?"

ఆ పిల్ల చీపురుతో చూపించింది. చూపిస్తూనే చీపురు దించేసింది.

"మరి ఆ పసుపేదీ?"

"సాయంత్రమే కడిగేసినాను పిన్నీ," అన్నాడు కుర్రవాడు. "ఫ్రెండ్సు నవ్వినారు. కారు కొన్నావా, తెప్ప కొన్నావా అన్నారు. సబ్బెట్టి గట్టిగా తోమేసినాను."

"ఆ రోజు మీ మేనత్త ఎక్కడినుంచి వచ్చినాది?"

"పిక్కలు కొట్టేకాడినుంచే. సీజను కదా. కారొచ్చిందని తెలిసి సెయ్యైనా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చినాది. ఆ జీడి, ఆముదం అంటిన సేతిలోనే పసుపు కలిపేసినాది." భార్యే చెప్పింది ఇది. మామకు అప్పటికింకా జబ్బు ముదరలేదని, ఆ రోజు వేటకు వెళ్లాడని కూడా చెప్పింది.

నాకు తెలిసిన పని మేరకు అర్థమైంది. పసుపు పోయింది, పసుపు కింద జీడి మిగిలింది. ఎండాకాలమంతా లోపలికి దిగి కూర్చుంది. మంచు పడేదాకా ఎవరికీ కనపడలేదు. ఇనుము దాకా గీకిన తలుపులోంచి కొత్త రంగు దాటి పైకి ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలియదు. తర్వాత టెక్కలి మేస్త్రిని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

కవరు తొడుక్కుని ఒకసారి ఆ చెయ్యి మీద రాశాను. రంగు నునుపుగా ఉంది. గరుకు లేదు, ఏమీ లేదు. చలికి కారంతా మంచుగడ్డలా ఉంది. అక్కడ మాత్రం గోరువెచ్చగా ఉంది.

లోపలికి వెళ్లాను. ముసలాయన నులకమంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ముఖం ఉబ్బి, కళ్లు సన్నగా అయిపోయాయి. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు.

"పాలిష్ పెట్టే అమ్మివా? ఎందుకొచ్చినావు. అది నీ వల్ల పోదు," అన్నాడు.

"పోదులే అన్నా. పోగొట్టడానికి రానేదు. ఒక మాట అడుగుదామని వచ్చినాను. మీ పడవలకి పసుపు సెయ్యి ఎవులేసీవోరు?"

"అప్పే. ఇంకెవులేత్తారు."

"ఆ సెయ్యి నేకుండా ఎప్పుడైనా ఏటకెల్లినావా?"

ఆయన సముద్రం వైపు తల తిప్పాడు. సముద్రం చప్పుడు ఇంట్లోకి వస్తోంది.

"కారు కొన్నరోజు నువ్వు ఏటలో ఉన్నావట. నువ్వు సూడ్నేదు. నీ అప్ప దీనికీ ఏసినాది, పడవకేసినట్టే. నీ కొడుకు కడిగేసినాడు. ఆవిడ సచ్చిపోయేటప్పుడు పెట్టిన సెయ్యి కాదన్నా అది. బతికుండగా, నవ్వుతా పెట్టిన సెయ్యి. ఒక్కసారొచ్చి సూడు. కాదనిపిత్తే ఎక్కమాకు."

గోడ వదిలి ముందుకు జరిగాడు. తర్వాత కాళ్లు కిందికి దించాడు. కొడుకు ఒక పక్క, కోడలు ఒక పక్క పట్టుకున్నారు. ఆకుల దగ్గర ఆగిపోయాడు. అక్కడినుంచే తలుపును చూశాడు. ఇన్నాళ్లూ దూరం నుంచి ఒక్క చూపు చూసి తల తిప్పుకున్నవాడే కాని, ఎదురుగా నిలబడింది లేదు.

"సిటికినేలు," అన్నాడు. "సిన్నప్పుడు తెడ్డు దెబ్బ తగిలి వంకరైపోనాది. నా పడవ ముక్కు మీద ఇలగే ఉండీది." ఊపిరి తీసుకున్నాడు. "ఇలగే, పైకి."

కొడుకును విడిపించుకుని ఆకుల మీద అడుగు వేశాడు. ఉబ్బిన తన చెయ్యి తీసుకెళ్లి ఆ చెయ్యి మీద ఆనించాడు. చప్పున వెనక్కి తీసి, మళ్లీ పెట్టాడు.

"ఏడిగా ఉందేటి," అన్నాడు నెమ్మదిగా. నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. తలుపుతోనే మాట్లాడాడు. "ఎక్కమంటన్నావా అప్పా. ఎక్కుతన్నానులే. పిలుత్తన్నావనుకుని బయపడిపోనాను."

ఎక్కాడు. కొడుకు కారు తీశాడు. మలుపు తిరిగేదాకా ఆ నల్లటి చెయ్యి కనపడుతూనే ఉంది.

కోడలు కారు నిలిచిన చోటికి వచ్చి, ఆ ఎడమ పక్కన ఊడ్వడం మొదలుపెట్టింది. నేను కవరు తీసి మడిచి సంచిలో పెట్టుకోబోయాను. అప్పుడు నా అరచెయ్యి చూసుకున్నాను. పచ్చగా ఉంది. ఐదు వేళ్లూ, అరచెయ్యీ, పసుపు పూసినట్టు. కవరు బయటివైపు శుభ్రంగా ఉంది. వాసన చూశాను. పసుపూ ఆముదమూ కలిసిన వాసన. ఫ్యాక్టరీ వదిలాక నా ముక్కుకు ఆముదం తగలడం అదే మొదలు.

ఆ పిల్లకు చెప్పలేదు. ఇంటికొచ్చి, ఆ కవరులో ఎప్పుడైనా పసుపు తెచ్చారా అని మా కోడలిని అడిగాను. లేదంది. మీరు కూడా ఏదో ఒక కారణం వెతుకుతారని నాకు తెలుసు. వెతకండి, దొరికితే నాకూ చెప్పండి.

ఆ మనిషి ఆ రోజు ఊపిరి ఆడి తిరిగొచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం అదే కారులో వెళ్లాడు. ఆ చెయ్యికి భయపడి మానేసిన మిగతా జబ్బు మనుషులు కూడా మెల్లగా తిరిగి ఎక్కడం మొదలుపెట్టారు. ఎక్కేముందు ఒక్కొక్కరూ ఆ తలుపు మీద చెయ్యి ఆనించేవారని కుర్రవాడు చెప్పాడు. ఇంకోసారి రంగు వేయిద్దామని ఓనరు అన్నప్పుడు నేనే వద్దన్నాను. ఆమె పేరు నేను అడగలేదు. అడిగితే, ఒకప్పుడు పలాసలో నా పక్క పీట మీద కూర్చుని పిక్కలు కొట్టిన మనిషే అని తెలుస్తుందేమో. తెలిస్తే ఏం చేయాలో నాకు తెలియదు.

రేపు మిషన్ పట్టుకున్నప్పుడు ఏ మచ్చ కనపడినా, ముందు దాని ఎదురుగా నిలబడండి. ఎంత ఎత్తున ఉంది, ఏ వైపు తిరిగి ఉంది, ఎవరు పెట్టి ఉంటారు, అడగండి. ఆ తర్వాతే స్విచ్చి నొక్కండి. అంచుల దగ్గర మాత్రం ఆగకండి.

ఇక లేవండి, అన్నాలకు పొద్దుపోయింది. మీరు కొనే ప్రతి బండికీ, మీరు కట్టే ప్రతి ఇంటికీ ఒక ఆడపడుచు చెయ్యి ఉండాలి. మీరు కడిగినా అది పోకూడదు. మీ ఇళ్లలోంచి బయటికెళ్లిన ప్రతి మనిషినీ అది వెచ్చగా పట్టుకుని మళ్లీ మీ గుమ్మంలో దింపాలి.